త్రాసు ఎవరి చేతిలో నుండవలెను?

కర్మాగారమునకు తాళము వైచినంతనే దాని పాపము మూతపడదు. పొగగొట్టము చల్లారినను విషము నేలలో నిలిచియుండును. ఆ నేలను శుద్ధిచేయు వ్యయము నెవరు భరింపవలెనన్న ప్రశ్నకు దేశమున నేడొక సమాధానము గలదు: చెరచినవాడే భరింపవలెను. కాని అంతకంటె పెద్ద ప్రశ్న యొకటి మిగిలియున్నది. నేల శుద్ధియైనదని తేల్చి చెప్పువా డెవడు? కొడైకెనాలు పట్టణమును సాక్షిగా నిలిపి మేమీ ప్రశ్న నడుగుచున్నాము.

పళని కొండలపై నున్న ఆ చిన్న పట్టణమునకు 1980 దశకపు ఆరంభమున అమెరికాలోని వాటర్‌టౌను నుండి ఒక పాత థర్మామీటర్ల కర్మాగారము తరలివచ్చెను. 1987లో అది పాండ్సు సంస్థతోపాటు హిందుస్థాన్ లీవరు ఏలుబడిలోనికి పోయెను. తయారైన థర్మామీటర్లలో అధికభాగము విదేశములకు పోయెను. పనిలో జారిన పాదరసము మాత్రము మనకు మిగిలెను. 2001 మార్చిలో పాదరసమంటిన పగిలిన గాజు పట్టణములోని ఒక పాత సామానుల అంగడిలో బయటపడగా, కార్మికులును పౌరులును వీధికెక్కిరి. కర్మాగారము మూతపడెను. 2003లో సుమారు 290 టన్నుల వ్యర్థము ఓడనెక్కి అమెరికాకు తిరిగిపోయెను. విదేశీయుల చెత్తను విదేశమునకే మరలించిన ఆ పట్టణపు ధైర్యమును మేమభినందించుచున్నాము. కాని పోయినది మూటగట్టిన వ్యర్థమే. మట్టిలో కలిసినది మట్టిలోనే యుండెను.

పాదరసము సామాన్యమైన విషము కాదు. సాధారణ ఉష్ణమునందే అది ఆవిరియగును. నీటి యడుగు బురదలో సూక్ష్మజీవులు దానిని మిథైలు పాదరసముగా మార్చును. అది చేపలలో పేరుకొని, తినినవారి నరములను, గర్భస్థశిశువులను బాధించును. కర్మాగారపు గోడ కావల పాంబారు షోలా అడవి గలదు. కొండపై పడిన వాన దిగువకు జారక మానదు గదా!

ఇక శుద్ధి మాట. కిలో మట్టిలో ఎన్ని మిల్లీగ్రాముల పాదరసము మిగిలినచో నేల శుద్ధమనవలెను? మొదట డచ్చివారి 10 మిల్లీగ్రాముల కొలత వినబడెను. తుదకు 20 స్థిరపడెను. బ్రిటనులో నివాసభూములందలి లోహరూప పాదరసమునకు సూచింపబడిన కొలత 1 మిల్లీగ్రాము మాత్రమేనని ఉద్యమకారులు చూపిరి. 20 మిల్లీగ్రాముల కొలతకు ఆధారమైన అధ్యయనములలో ముఖ్యమైనవానిని చేయించినది సంస్థయే. సరకు నమ్మువాడే త్రాసును తెచ్చిన సంతలో, తూకము సరియైనను కొనువానికి నమ్మక మెట్లు కలుగును?

సంస్థవారి వాదమున పస లేదని మేమనము. లోతుగా త్రవ్వినచో చెట్లు కూలును, మట్టి కొట్టుకొనిపోవును, విషము అడవిలోనికే దిగును అని వారందురు. ఇది త్రోసిపుచ్చదగిన మాట కాదు. అయినను చెట్లకొరకు విషమును మిగిల్చినచో, మిగిల్చితిమనియే చెప్పవలెను. దానికి శుద్ధియని పేరు పెట్టరాదు. వ్యాధులకు తాను కారణము కానని చెప్పుచునే సంస్థ 2016లో 591 మంది పూర్వకార్మికులతో రాజీ చేసికొనెను. నోరుగల మనుష్యులకే పదునైదేండ్లు పట్టినచో, నోరులేని నేల కెన్నియేండ్లు పట్టవలెను?

ఇది తమిళుల గోడని తెలుగువారు తలపరాదు. కాటేదాను, పటానుచెరువు నేలలలో భారలోహములు గలవని హైదరాబాదులోని జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు ఏనాడో కొలిచి ప్రకటించిరి. 2025 నవంబరులో తెలంగాణ ప్రభుత్వము ఔటరు రింగు రోడ్డు లోపలి పారిశ్రామిక భూములను ఇండ్లకు, వర్తకమునకు మార్చుకొననిచ్చు విధానమును తెచ్చినది. గజము వెల యెంతయని యందరును వాదించిరి. గజము లోతున ఏమున్నదని యెందరడిగిరి?

కేంద్రప్రభుత్వము 2025 జూలైలో కలుషిత స్థలముల నియమములను ప్రకటించినది. అనుమానిత స్థలములను జిల్లా అధికారులు పట్టికకెక్కింపవలెను, పరీక్షలకు గడువులున్నవి, బాధ్యుడే ఖర్చు నిచ్చుకొనవలెను. మేలే. కాని నేల యెన్నటికి శుద్ధి కావలెనో ఆ తుది గడువు మాత్రము లేదు. తుదిలేని చికిత్స రోగికి చికిత్స కాదు, వైద్యునికి జీతము.

కావున మేము కోరునవి మూడు. పరీక్షకు సొమ్ము చెరచినవాడీయవలెను. పరీక్షకుని మాత్రము ప్రజలయెదుట ప్రభుత్వమే నియమింపవలెను. మిగిలిన విషపు కొలతను భూమి దస్తావేజులోనే వ్రాయవలెను. ఆ కొలత తేలనిదే ఆ నేలపై ఇంటికిగాని పాఠశాలకుగాని అనుమతి యీయరాదు.

ఖర్చు దోషిదే కావచ్చును. తీర్పు మాత్రము దోషిది కారాదు. త్రాసు ప్రజలచేతికి రానంతవరకు ఏ నేలయు శుద్ధియైనదని మేము నమ్మజాలము.