కరెంటు ఆదా కావాలి, ఉచిత కరెంటూ ఉండాలి

కరెంటు ఆదా అనగానే మన రైతుల్లో అనుమానం మొదలవుతుంది. ఉచిత కరెంటుకు ఎసరు పెడతారేమోనన్న ఆ భయం ఊరికే రాలేదు. ఛార్జీల పెంపుపై పోరాటంలో 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌ కాల్పుల్లో ముగ్గురు ప్రాణాలిచ్చారు. నాలుగేళ్లకు, 2004లో, ఉచిత కరెంటు వచ్చింది. దాన్ని వదులుకునే ప్రసక్తే లేదు.

అలాగని ఆదా మనకు అక్కర్లేనిదేమీ కాదు. కరెంటు ఉచితమే గానీ మోటారు కాలితే వైండింగ్‌ ఖర్చు మనదే. ట్రాన్స్‌ఫార్మర్‌ పోతే ఎండేది మన పైరే. పదేపదే వైండింగ్‌ చేయించిన పాత మోటారు ఎక్కువ కరెంటు లాగుతుంది. కెపాసిటర్‌ లేకపోతే లైను మీద భారం ఇంకా పెరుగుతుంది. వోల్టేజీ పడిపోయి పక్క రైతు మోటారూ వేడెక్కుతుంది.

అందుకే ఇది ఒక్కొక్క రైతు విడిగా చేసుకునే పని కాదు. ఒక ట్రాన్స్‌ఫార్మర్‌ కింద ఒక్కరే కెపాసిటర్‌ పెట్టుకుంటే ఒరిగేది కొంచెమే. అందరూ పెడితేనే లైను నిలబడుతుంది. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ రాష్ట్రమంతటా అమలయ్యే విధానం కావాలి.

ఖర్చు ఎవరిది? ఆదా అయ్యే ప్రతి యూనిట్‌కూ ప్రభుత్వానికి సబ్సిడీ మిగులుతుంది. కాబట్టి పెట్టుబడీ ప్రభుత్వమే పెట్టాలి. పాత మోటారు తీసుకుని, బోరు లోతుకూ నీటికీ సరిపడే స్టార్‌ గుర్తు మోటారు ఉచితంగా ఇవ్వాలి. మరమ్మతు మండలంలోనే జరగాలి. కౌలు రైతును వదిలేయకూడదు. దీన్ని మీటర్లకు ముడిపెట్టకూడదు, సరఫరా గంటలు తగ్గించకూడదు.

ఈ నెల గ్రామ కమిటీల్లో ట్రాన్స్‌ఫార్మర్ల వారీగా మోటార్లు, కెపాసిటర్ల లెక్క రాద్దాం. ఆ జాబితా పట్టుకునే కరెంటు ఆఫీసుకు వెళ్దాం.