ఆట స్థానంలో తెర వద్దు

మాస్తి, మాలూరు పల్లెల్లో తెలుగు మాట్లాడే ఇంటి బిడ్డకు మన భాష బడిలో దొరకదు. ఇంట్లో, వాకిట్లో దొరుకుతుంది. మట్టిముద్దను రాగిసంగటి అనీ, చింతాకును కూర అనీ, మూడు రాళ్లను పొయ్యి అనీ అనుకుని నలుగురు పిల్లలు కూడి ఆడే ఆటే ఆ బిడ్డకు తొలి తెలుగు బడి. మన పెద్దలు దాన్ని గుజ్జనగూళ్లు అన్నారు, బొమ్మల పెళ్లి అన్నారు. ఇప్పుడు ఆ చోటికి టీవీ, ఫోను వస్తున్నాయి. రావడం తప్పు కాదు. వచ్చి ఆటను లేపి తాము కూచోవడమే తప్పు.

1975 అక్టోబరు 2న మొదలైన సమగ్ర శిశు అభివృద్ధి పథకంలో తిండి, టీకాలతో పాటు బడికి ముందు చదువూ భాగమే. 2021లో పోషణ్ ట్రాకర్ వచ్చింది. పిల్లల హాజరు, ఎత్తు, బరువు ఫోనులో ఎక్కుతున్నాయి. దేశంలో 2 లక్షల అంగన్‌వాడీలను ఎల్‌ఈడీ తెరలు వగైరాలతో మెరుగుపరచాలని కేంద్రం సంకల్పించింది. బరువు లెక్కకు వచ్చింది, సంతోషం. మరి ఆ బిడ్డ ఎవరితో ఆడింది, ఏ భాషలో ఆడింది అని అడిగేవారెవరు?

కర్రపుల్లను గుర్రం చేసుకునే ఆటలోనే బిడ్డ కంటికి కనిపించే వస్తువు నుంచి అర్థాన్ని వేరుచేయడం నేర్చుకుంటుందని రష్యా మనస్తత్వవేత్త వైగోట్‌స్కీ 1933లోనే వివరించాడు. తెరమీద గుర్రం ముందే గుర్రమై వస్తుంది. బిడ్డ చేయడానికి ఏం మిగిలింది? "నువ్వు కండక్టరు, నేను అవ్వ" అని తగవుపడి, రాజీపడే తోటి బిడ్డ ఆ తెరలో లేదు. మూడు, నాలుగేళ్ల పిల్లలు కదలకుండా తెర చూసే సమయం రోజుకు గంట దాటరాదనీ, ఎంత తగ్గితే అంత మేలనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది.

ఇది కన్నడంతో తగాదా కాదు. మాస్తి వెంకటేశ అయ్యంగార్ ఇంటి భాష తమిళం. కన్నడంలో రాసి 1983 జ్ఞానపీఠం అందుకున్నారు. మన పిల్లల ఆటలో కండక్టరు కన్నడం మాట్లాడవచ్చు, అవ్వ తెలుగు మాట్లాడవచ్చు. రెండూ అక్కడ ఇముడుతాయి. తెర మాత్రం తన భాషే మాట్లాడుతుంది, బదులు వినదు.

యంత్రాన్ని ఆటకు పనివాడిగా పెట్టుకోవచ్చు. ఊరి అవ్వ చెప్పిన తెలుగు కథను ఫోనులో పట్టి, తెర బోర్లించి వినిపించండి. తర్వాత పిల్లలే ఆ కథ ఆడతారు. కోలారు టమోటా మార్కెట్టును రెండు నిమిషాలు చూపించి, ఖాళీ బుట్టలు వాళ్ల చేతికివ్వండి. పరీక్ష ఒక్కటే: ఫోను ఆపాక ఆట మొదలైతే అది పనికొచ్చినట్టు, ఏడుపు మొదలైతే చెరిచినట్టు.

మన ఇళ్ల సంగతీ చెప్పాలి. ముద్ద మింగడానికి బిడ్డకు ఫోనిచ్చి, పిల్లలకు తెలుగు రావడం లేదని సభల్లో వాపోవడం మనకు అలవాటయింది. వీలైన చోటల్లా ఇంటి భాషలో బోధించాలని 2020 జాతీయ విద్యావిధానమే అంటోంది. ఆ మాట పట్టుకుని తెలుగు సంఘాలు అడగాలి: అంగన్‌వాడీలో రోజూ తెర ఆపిన ఆట ఒక గంట, ఆ ఆటకు పాతచీరలు, డబ్బాలు, చన్నపట్నం కొయ్యబొమ్మలు, వారానికొకసారి తెలుగు అవ్వకు అక్కడ చోటు. ఉగాది కవిసమ్మేళనాల ఖర్చులో పదో వంతు చాలు. ఈ పిల్లలకు తెలుగు మిగలకపోతే రేపు ఆ సమ్మేళనాలకు వినేవాళ్లూ ఉండరు.