ఆ ఫైలుకు పూచీ ఎవరిది?

విజయవాడ కోర్టుల దగ్గరా, హైదరాబాద్ ఆఫీసుల్లోనూ ఒకే మాట వినిపిస్తోంది. ఈ-డిస్కవరీలో ప్రాజెక్ట్ మేనేజర్ అంటే ఉత్త మధ్యవర్తి అట. వకీలు చెప్పింది టెక్నీషియన్‌కి చేరవేయడం, టెక్నీషియన్ ఇచ్చింది వకీలుకు పంపడం, నడుమ ఒక ఎక్సెల్ షీటు నింపడం, అంతే పని. చట్టం వకీలుకు తెలుసు, వెతకడం సాఫ్ట్‌వేర్‌కు తెలుసు, మిగిలిందంతా గుమాస్తాగిరీ. కృత్రిమ మేధ వచ్చాక ఆ గుమాస్తా కూడా దండగేనని ఈమధ్య ఇంకో తోక తగిలించారు. ఈ అభిప్రాయం శుద్ధ తప్పు. గెలవాల్సిన దావాలు దీనివల్లే చేజారిపోతాయి.

దావా పడ్డాక ఇరుపక్షాలూ తమ దగ్గరున్న ఈమెయిళ్లు, వాట్సాప్ సందేశాలు, లెక్కల ఫైళ్లు చెరిగిపోకుండా కాపాడాలి. కేసుకు సంబంధించినవి ఏరాలి. వకీలుకూ క్లయింటుకూ మధ్య నడిచిన ఉత్తర ప్రత్యుత్తరాలు పక్కన పెట్టాలి. మిగతావి ఎదుటివారికి ఇవ్వాలి. ఈ-డిస్కవరీ అంటే ఇదే. అమెరికా ఫెడరల్ సివిల్ నిబంధనల్లో 2006 డిసెంబరు నుంచి దీనికి ప్రత్యేకంగా చోటుంది. అక్కడి కేసుల పని ఇవాళ హైదరాబాద్‌లో మన పిల్లలు రాత్రి షిఫ్టుల్లో చేస్తున్నారు.

అమెరికా గొడవ మనకెందుకు అనేవాళ్లు ఒకసారి విజయవాడ పక్కనున్న ఇబ్రహీంపట్నం వచ్చి చూడాలి. థర్మల్ స్టేషన్ బూడిద తోలే లారీలు, పక్కనే కొండపల్లి పారిశ్రామికవాడ, వాటిని నమ్ముకుని బతికే కాంట్రాక్టర్లు, వాళ్ల కింద సబ్ కాంట్రాక్టర్లు. బిల్లుల దగ్గర తేడా వచ్చి వ్యవహారం 3 లక్షలు చేరితే చాలు, వాణిజ్య కోర్టుకు వెళ్లే దారి ఉంది. మరి సాక్ష్యం ఎక్కడుంది? కాటా దగ్గరి కంప్యూటర్‌లో కొంత, సూపర్‌వైజర్ ఫోన్లో కొంత, అకౌంటెంట్ మెయిల్లో కొంత, పని మానేసి వెళ్లిపోయిన కుర్రాడి పాత ఫోన్లో కొంత.

ఇలాంటి కేసులో వెతకమని వకీలుగారిచ్చే మాటల జాబితాలో ‘ఫ్లై యాష్’ ఉంటుంది. లారీల దగ్గర ఆ మాట ఎవరి నోటా రాదు, ‘బూడిద’ అంటారు. దాన్ని కూడా ఇంగ్లిష్ అక్షరాల్లో కొడతారు. ఒకరు దీర్ఘానికి రెండు ‘ఓ’లు వేస్తే, ఇంకొకరు ఒక్క ‘యు’తో సరిపెడతారు. అసలు సంగతి వాయిస్ మెసేజ్‌లో ఉంటే ఏ మాట పెట్టి వెతికినా తగలదు. సాఫ్ట్‌వేర్ మాత్రం అడిగిన మాటకు ఫలితాలు సున్నా అని చూపించి ఊరుకుంటుంది. ఆ సున్నాను నమ్మకుండా సూపర్‌వైజర్‌కు ఫోన్ చేసి, “మీరు దీన్ని ఏమంటారండీ? మెసేజ్‌లో ఎలా కొడతారు?” అని అడిగే మనిషి కావాలి. ప్రాజెక్ట్ మేనేజర్ చేయాల్సిన పని అది.

తేదీల సంగతి ఇంకా సూక్ష్మం. ఈ సాఫ్ట్‌వేర్లలో విడిగా చెప్పకపోతే మెయిల్ వేళలు ప్రపంచ ప్రామాణిక సమయంలోనే పడే అవకాశం ఎక్కువ. మన గడియారం దానికంటే అయిదున్నర గంటలు ముందుంటుంది. అర్ధరాత్రి దాటాక, ఏప్రిల్ 1న 12.40కి పంపిన బిల్లు తెర మీద మార్చి 31 సాయంత్రం 7.10 అని కనిపిస్తుంది. గడువు మార్చి 31 అయితే ఆలస్యం చేసినవాడు వేళకు పంపినవాడైపోతాడు. ఆర్థిక సంవత్సరమే మారిపోతుంది. వకీలు తెర మీదున్న తేదీనే చదువుతారు, అందులో ఆయన తప్పు లేదు. ఏ గడియారం లెక్కన తీయాలో మొదటి రోజే తేల్చి కాగితం మీద పెట్టాల్సినవాడు లేకపోవడమే తప్పు.

“ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి సర్టిఫికెట్ ఒకటి జతచేస్తే సరిపోతుంది కదా” అనేది మన కోర్టుల దగ్గర ఎక్కువగా వినిపించే జవాబు. అసలు పరికరాన్ని కోర్టులో పెట్టలేనప్పుడు సర్టిఫికెట్ తప్పనిసరి అని 2020లో అర్జున్ పండిత్‌రావు ఖోత్కర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చిన మాట నిజం. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ఇంకో అడుగు ముందుకేసింది. సర్టిఫికెట్‌లో ఒక భాగం పక్షం వారు, రెండో భాగం నిపుణుడు నింపాలి, ఫైల్లోని సమాచారం నుంచి లెక్కగట్టే హ్యాష్ విలువ రాయాలి. ఫైల్లో ఒక్క అక్షరం మారినా ఆ విలువ మారిపోతుంది. సంభాషణను స్క్రీన్‌షాట్ తీసి, ఇంకో ఫోన్‌కు ఫార్వర్డ్ చేసి, దాని హ్యాష్ రాస్తే అది ఆ బొమ్మకే చెల్లుతుంది, అసలు సంభాషణకు వర్తించదు. వాణిజ్య దావాల్లోనైతే ఆ రికార్డు ఎవరు, ఎలా తయారుచేశారు, ఆ ఈమెయిల్ ఐడీ ఎవరిది, అది ఎవరెవరికి అందుబాటులో ఉంది అన్న వివరాలు కూడా ప్రమాణపూర్వకంగా చెప్పాలి. ఇవన్నీ దావా వేసే ముందురోజు రాత్రి గుర్తుచేసుకుని రాసే సంగతులా?

సత్యం కుంభకోణం మన కళ్లముందు జరిగింది. 2009 జనవరి 7న కంపెనీ ఛైర్మన్ రామలింగరాజు లెక్కల్లో మోసాన్ని ఒప్పుకుంటూ ఉత్తరం రాశారు, 2015 ఏప్రిల్ 9న హైదరాబాద్ ప్రత్యేక కోర్టు పదిమందిని దోషులుగా తేల్చింది. అది సీబీఐ నడిపిన క్రిమినల్ కేసు, సివిల్ డిస్కవరీ కాదు. అయినా నేర్చుకోవాల్సింది ఉంది. కంపెనీ ఇన్‌వాయిస్‌ల వ్యవస్థలో 7,500కు పైగా నకిలీ ఇన్‌వాయిస్‌లు ఉన్నాయని, మామూలుగా చూసేవారికి కనపడకుండా వాటిని దాచారని దర్యాప్తులో బయటపడింది. అంటే మామూలు లాగిన్‌తో డేటా దించుకున్నవాడికి అంతా సవ్యంగానే కనిపిస్తుంది. ఏ లాగిన్‌తో తీశారు, ఏ సర్వర్ నుంచి తీశారు, ఏది తీయలేదు అని అడగడానికి లా డిగ్రీ అక్కర్లేదు. ఏ సాఫ్ట్‌వేరూ తనంతట తాను ఆ ప్రశ్న వేయదు.

అడిగేవాడు లేకపోతే ఏమవుతుందో అమెరికాలో క్వాల్‌కామ్, బ్రాడ్‌కామ్ కంపెనీల పేటెంట్ దావా చూపించింది. 2007లో విచారణ ముగింపుకొస్తుండగా క్వాల్‌కామ్ సాక్షి ఒకరి దగ్గర 21 మెయిళ్లు బయటపడ్డాయి. తర్వాత గాలిస్తే క్వాల్‌కామ్ ఇవ్వకుండా ఉండిపోయిన పత్రాలు 46,000కు పైగా తేలాయి. 2008 జనవరిలో మేజిస్ట్రేట్ జడ్జి బార్బరా మేజర్ ఎదుటిపక్షానికి 85 లక్షల డాలర్లు కట్టమన్నారు, ఆరుగురు వకీళ్ల పేర్లు బార్‌కు పంపారు. 2010లో ఆమే వకీళ్ల మీద చర్యలు ఎత్తేశారు, దురుద్దేశం రుజువు కాలేదు కనుక. కానీ ఒకరి మాట ఒకరికి చేరలేదని, అవసరమైన వెతుకులాట జరిగిందో లేదో సరిచూసే పూచీ ఏ వకీలూ తీసుకోలేదని ఆ ఉత్తర్వులోనే రాశారు.

ఆ లెక్కన పూచీ వకీలుదే కదా అంటారు. కోర్టుకు జవాబుదారీ వకీలే, కాదనను. కాలువ సంగతే చూడండి, నీళ్లు ఎప్పుడు వదలాలో చెప్పేది ఇంజనీరే. కానీ తూము దగ్గర గేజీ చూసి రిజిస్టర్లో ఎక్కించే లస్కరు లేకపోతే చివరి భూములకు నీరెందుకు రాలేదో ఏ ఇంజనీరూ చెప్పలేడు. ఎవరి ఫోన్ ఎప్పుడు కాపీ చేశారు, ఏ మాటలతో వెతికారు, ఎన్ని పక్కన పెట్టారు, ఎందుకు పెట్టారు అన్న లెక్క రోజువారీగా రాసే మనిషి ఉంటేనే వకీలు ధైర్యంగా సంతకం పెట్టగలుగుతారు.

కృత్రిమ మేధ సంగతి క్లుప్తంగా చెబుతాను. కంప్యూటర్ సాయంతో పత్రాల పరిశీలనను 2012లో న్యూయార్క్‌లో డా సిల్వా మూర్ కేసులో జడ్జి ఆండ్రూ పెక్ ఆమోదించారు. ఆ పద్ధతిలోనూ 2,399 పత్రాలను యాదృచ్ఛికంగా తీసి మనుషులే చూశారు, విడతలు విడతలుగా యంత్రానికి నేర్పారు. యంత్రం పనికిరాదని పక్కన పెట్టినవాటిలోంచి కొన్ని తీసి సరిచూడాలన్నది అప్పుడూ నియమమే, ఇప్పుడూ నియమమే. యంత్రం పెద్దదయ్యేకొద్దీ ఆ సరిచూసే మనిషి అవసరం పెరుగుతుంది.

ఖర్చు మాట న్యాయమైనదే. లారీ కిరాయి బకాయి కోసం దావా వేసే చిన్న కాంట్రాక్టరు హైదరాబాద్ కంపెనీని పెట్టుకోలేడు. పెట్టుకోమని నేనూ అనను. ఆ హోదాతో జీతగాడు లేకపోయినా ఆ పని మాత్రం జరగాలి. ఆఫీసులో ఉన్న జూనియర్‌కే అప్పగించవచ్చు, అతని పేరు ఫైల్లో ఉంటే చాలు. పెద్ద కంపెనీల్లో ఈ కొలువు చేస్తున్నవారికి కూడా ఒక మాట చెప్పాలి. వచ్చిన మెయిల్‌ను వచ్చినట్టే ముందుకు తోసి, షీటులో పచ్చరంగు వేసి పడుకున్నంతకాలం లోకం మిమ్మల్ని గుమాస్తాలనే అంటుంది. తప్పు జాబితా వస్తే వెనక్కి పంపండి, సున్నా వస్తే ఎందుకొచ్చిందో అడగండి.

విజయవాడ వకీళ్లకు నా విన్నపం ఒక్కటే. ఇకమీదట వాణిజ్య దావా ఏది చేతికొచ్చినా, వాదపత్రం రాయడానికి కూర్చునే ముందే ఎలక్ట్రానిక్ సాక్ష్యానికి పూచీదారును నియమించండి. క్లయింటు ఫోన్లు, మెయిళ్లు, కాటా కంప్యూటర్ల జాబితా అతని చేత రాయించండి. పాత ఫోన్ అమ్మొద్దని, మెసేజ్‌లు చెరపొద్దని క్లయింటుకు ఆ రోజే రాతపూర్వకంగా చెప్పించండి.