టీబీ ఎవరు తెచ్చిన్రని కాదు, యాడ అంటుతుందని అడగాలె

ఊర్లె ఒకరికి టీబీ వచ్చిందంటే మందుల కంటే ముందు మాటలు మొదలైతయి. ‘బొంబాయికి పోయి తెచ్చుకున్నడు’, ‘గోలీలు నడుమల బంద్ చేసిండు, అనుభవిస్తున్నడు’ అంటరు. ఈ మాటలకు భయపడే చాలామంది దగ్గును దాచుకుంటరు. దాచుకున్నన్ని దినాలు ఇంట్లోళ్లకు అంటుతనే ఉంటది.

ఈ మాటలల్ల నిజమెంతో తేల్చే పరీక్ష ఇయ్యాల ఉన్నది. కరోనా టైంల డెల్టా, ఒమిక్రాన్ అని వేరియంట్లను పట్టిన జీనోమ్ సీక్వెన్సింగే అది.

రెండేండ్లకో అక్షరం

టీబీ క్రిమి జీనోమ్‌ల దాదాపు 44 లక్షల అక్షరాలుంటయి. 1998లనే సైంటిస్టులు దాన్ని మొత్తం చదివిన్రు. క్రిమి పెరుగుతున్న కొద్దీ అక్కడో ఇక్కడో ఒక అక్షరం మారుతది. అది కూడ మస్తు నిదానంగ, సగటున రెండేండ్లకు ఒకటి. అందుకే ఇద్దరు పేషెంట్ల క్రిములను పక్కపక్కన పెట్టి చూస్తే సంగతి తెలుస్తది. తేడా ఐదు అక్షరాల లోపుంటే ఈమధ్యనే ఒకరి నుంచి ఇంకొకరికి అంటి ఉండొచ్చు. పన్నెండు దాటితే ఈమధ్య అంటింది కాదన్నట్టే. 2013ల ఇంగ్లండ్ పరిశోధకులు చెప్పిన లెక్క ఇది.

కెనడాల తేలిందేంది?

కెనడాల బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంల ఒక ఊర్లె మూడేండ్లల్ల 41 మందికి టీబీ వచ్చింది. ఎవరెవరిని కలిసిన్రని అడిగి రాసుకున్నా, యాడ మొదలైందో దొరకలె. పాత డీఎన్ఏ పరీక్ష అందరిదీ ఒకటే రకమని చెప్పింది. 36 నమూనాల జీనోమ్ మొత్తం చదివినంక అసలు కథ బయటపడ్డది. ఒకటి కాదు, రెండు వేర్వేరు శాఖలు ఒకటే టైంల తిరుగుతున్నయి. ఒక్క మనిషి నుంచే ఊరంతా అంటిందనే లెక్క తప్పింది. రెండు శాఖలు ఒక్కసారే పెరిగినయంటే కారణం క్రిమిల కాదు, మనుషులు బతికే తీరుల ఉన్నదని అర్థమైంది. ఆ టైంల ఊర్లె కొకైన్ మత్తు పెరిగింది. వాడేటోళ్లు ఒక్కతాన చేరుడు ఎక్కువైంది. ఈ పరిశోధన 2011ల అచ్చయింది.

దక్షిణాఫ్రికాల ఇంకో సంగతి. క్వాజులు-నాటల్‌ల చాలా మందులకు లొంగని మొండి టీబీ వచ్చిన 404 మందిని పరిశీలించిన్రు. ‘మందులు సక్కగ వాడకనే మొండి టీబీ వస్తది’ అనేది అందరి నమ్మకం. కానీ చరిత్ర, జన్యు పరీక్షలు కలిపి చూస్తే, 69 శాతం మందికి అది ఇంకొకరి నుంచే అంటిందని 2017ల తేలింది. వాళ్లు మందులు ఆపినోళ్లు కాదు, ఇండ్లల్ల, దవాఖానలల్ల అందరితోటి గాలి పీల్చినోళ్లు.

మనకాడ ఏం చేయాలె?

ప్రపంచం మొత్తం టీబీ కేసులల్ల దాదాపు నాలుగో వంతు మన దేశంలనే ఉన్నయి. 10 వేల టీబీ నమూనాల జీనోమ్ చదువుడు పూర్తయిందని 2025ల కేంద్రం చెప్పింది. మంచి పనే. కానీ ఆ లెక్కలు ఢిల్లీ కంప్యూటర్లల్ల పడి ఉంటే ఊర్లకు వచ్చేదేంది? ఒకటే తీరు క్రిమి ఒక హాస్టల్‌ల, ఒక ఇటుక బట్టీల, ఒక మిల్లుల కనబడితే జిల్లా టీబీ ఆఫీసుకు ఎంటనే తెల్వాలె. ఆడ కిటికీలు పెట్టియ్యాలె, అందరికీ పరీక్షలు చేయాలె. పేషెంటు పేరు మాత్రం బయటికి రావొద్దు. పేరు బయటపడ్డదంటే ఈ సైన్సు కూడ ఊరోళ్ల చేతిల ఇంకో రాయి అయితది.

సీక్వెన్సింగ్ అన్నీ చెప్పదు. టీబీ క్రిమి ఏండ్లకేండ్లు ఒంట్ల నిద్రపోతది. ఎవరి నుంచి ఎవరికి అంటిందో ఖాయంగ చెప్పుడు కష్టం. అసలు తెమడ నమూనానే ఇయ్యకపోతే చదివెతందుకు ఏమీ ఉండదు.

అందుకే తమ్ముళ్లు, చెల్లెండ్లు.. రెండు వారాలు దాటి దగ్గుంటే సర్కారు దవాఖానకు పోండ్రి. పరీక్ష, మందులు ఫ్రీ. మందులు వాడినన్ని నెలలు తిండికి నెలకు వెయ్యి రూపాయలు ఇస్తరు. దోస్తుకు టీబీ అని తెలిస్తే ‘యాడ తెచ్చుకున్నవ్ రా’ అనుడు బంద్ చేసి, తోడు పోండ్రి.