సంజాన్ రేవు చెప్పే సాక్ష్యం

ముంబయికి ఉత్తరాన, గుజరాత్‌లోని వల్సాడ్ జిల్లాలో సంజాన్ అనే చిన్న ఊరున్నది. ఉదయం రైలెక్కి రాత్రికి తిరిగి రాగల యాత్ర. ఇరాన్‌ను విడిచి వచ్చిన పార్సీలు స్థిరపడిన ప్రాచీన రేవుపట్టణమది. వారి రాకకు గుర్తుగా 1920లో నిలిపిన స్తంభం అక్కడున్నది. అక్కడికి సమీపంలోని ఉద్వాడలో 1742 నుండి వారి పవిత్రాగ్ని వెలుగుతున్నది. ఆ ఆలయంలోకి ఇతరులకు ప్రవేశం లేదు. ఆ నియమాన్ని సందర్శకులు గౌరవిస్తారు.

పాలలో చక్కెరవలె కలిసిపోతామని పార్సీలు స్థానిక రాజుకు మాట ఇచ్చారన్న కథ ప్రసిద్ధం. మైనారిటీలు ఎలా ఉండాలో చెప్పేందుకు పలువురు దీనినే ఉదహరిస్తారు. కాని చక్కెర కరిగినా అగ్ని ఆరలేదు. పార్సీలు గుజరాతీని మాతృభాష చేసుకొన్నారు, తమ ధర్మాన్ని మాత్రం వదులుకోలేదు. కలిసి బ్రతకడమంటే ఇదే.

సంజాన్‌తో మనకూ సంబంధమున్నది. చించణిలో దొరికిన 926 నాటి రాష్ట్రకూట తామ్రశాసనం ప్రకారం ఆ ప్రాంతాన్ని పాలించినవాడు తాజిక వంశీయుడైన మధుమతి. ఆ పేరు ముహమ్మద్‌కు సంస్కృత రూపమని పండితుల నిర్ణయం. ఆయన నదులు దాటేవారికి ఉచితంగా పడవలు, బాటసారులకు అన్నసత్రం ఏర్పరచాడు. దేవీ ఆలయ మఠానికి భూదానం అనుమతించాడు.

మరో పుట కూడా చదవాలి. 1599లో రచించిన 'కిస్సా-ఎ-సంజాన్' ఒక సుల్తాను సేన ఆ పట్టణాన్ని ధ్వంసం చేసిందనీ, పార్సీలు హిందూ రాజు పక్షాన పోరాడారనీ, పిదప అగ్నిని బహ్రోత్ కొండలో పన్నెండేళ్లు దాచారనీ చెబుతుంది. దీనిని మన పిల్లలకు దాచనవసరం లేదు. మన గాయాలను లోకం వినాలని కోరే మనం పొరుగువారి గాయాన్ని వినగలగాలి.

1993లో కేంద్రం ప్రకటించిన అయిదు మైనారిటీలలో ముస్లింలూ, పార్సీలూ ఉన్నారు. 2011 జనగణనలో పార్సీల సంఖ్య 57,264 మాత్రమే. వారికీ మనకూ రాజ్యాంగంలోని 29, 30 అధికరణాలు ఒక్కటే. హక్కుకు జనసంఖ్య కొలత కాదు, కరిగిపోవడం షరతు కాదు.

మన విద్యాసంస్థలు, సంఘాలు ఏటా ఒక దినమైనా పిల్లలను ఇటువంటి చోట్లకు తీసుకొని వెళ్లాలని కోరుతున్నాము. మధుమతి సత్రాన్ని గురించి తెలుసుకొన్న బిడ్డ, ఈ దేశంలో నీ స్థానమేదని ఎవరైనా ప్రశ్నిస్తే తల దించుకోడు.