పాలిచ్చే తీరిక ఎవరిస్తారు?

నెలలోపు పసిబిడ్డ ఉన్న ఇంట్లో రోజంతా వినపడే మాట ఒకటుంది: "ఇప్పుడేగా ఇచ్చావ్!" సాయంత్రం ఆరింటికి పాలు తాగుతూ తల్లి ఒళ్లోనే కునుకు తీసిన పిల్లాడు, ఆరూ నలభై అయ్యేసరికి గుప్పిట నోట్లో కుక్కుకుంటాడు. తల అటూ ఇటూ తిప్పి రొమ్ము కోసం వెతుకుతాడు. బాలింత వాణ్ణి దగ్గరికి తీసుకునేలోపే వంటింట్లోంచి వాళ్లమ్మ తొంగిచూస్తుంది. "మళ్లీ ఏంటే? నీకు పాలు చాలట్లేదేమో!" ఏడున్నరకి ఇంకోసారి. ఎనిమిదింటికి అత్తగారి ఫోను: "రాత్రిపూటైనా డబ్బాపాలు పట్టించండి వదినగారూ, పిల్లాడు కంటినిండా నిద్రపోతాడు." తొమ్మిదయ్యేసరికి అల్లుడుగారు మందుల షాపు నుంచి డబ్బా పట్టుకొచ్చేస్తారు. ఇంత పంచాయితీ జరిగాక కూడా పిల్లాడికి కావలసింది ఏమిటో ఎవరూ చూడలేదు. తల్లినైతే అడగనే లేదు.

నిజానికి పాలు కావాలని ఆరూ నలభైకే వాడు అడిగాడు. గుప్పిట చప్పరించడం, పెదాలు ఆడించడం, తల తిప్పి వెతకడం పసివాళ్ల ఆకలి భాష. ఏడుపు దాకా వచ్చిందంటే మనం ఆలస్యం చేసినట్టే. గుక్కపట్టి ఏడ్చే బిడ్డకు రొమ్ము పట్టించడం ఎంత కష్టమో ఆ పని చేసినవాళ్లకే తెలుసు.

రోజుకు ఎన్నిసార్లివ్వాలంటే, తొలి వారాల్లో ఇరవై నాలుగు గంటల్లో 8 నుంచి 12 సార్లని డాక్టర్లు చెబుతారు. మనవాళ్లు వెంటనే ఇరవై నాలుగుని ఎనిమిదితో భాగించి 'మూడు గంటలకోసారి' అని తేల్చేస్తారు. బిడ్డకు ఆ భాగహారం తెలియదు. పొద్దున మూడు గంటలు ఆగిన బిడ్డే సాయంత్రం అరగంటకోసారి అడుగుతాడు. చాలామంది పసివాళ్లకు సాయంత్రాలు ఇలాగే గడుస్తాయి. రెండు మూడు వారాలప్పుడు, ఆరో వారం దగ్గర, ఒక్కసారిగా పెరిగే రోజుల్లో ఇంకా ఎక్కువసార్లు తాగుతారు.

పశ్చిమ ఆస్ట్రేలియా పరిశోధకులు ఒకటి నుంచి ఆరు నెలల వయసులో, తల్లిపాలతోనే పెరుగుతున్న ఆరోగ్యవంతులైన బిడ్డల్ని, వాళ్ల తల్లుల్ని కలిపి 71 జంటల్ని పరిశీలించి 2006లో ఫలితాలు ప్రచురించారు. ఒక బిడ్డ రోజుకు 6 సార్లు తాగితే మరో బిడ్డ 18 సార్లు తాగాడు. సగటున 11 సార్లు. ఒక్కో తల్లి రొమ్ములో ఒకేసారి నిలవుండే పాలు ఒక్కోలా ఉంటాయి, ఒక్కో బిడ్డ తాగే తీరు ఒక్కోలా ఉంటుంది. పక్కింటి పిల్లాడితో పోలిక పెట్టుకుంటే మిగిలేది దిగులే.

రొమ్ముది చెలమ తీరు, తోడినకొద్దీ ఊరుతుంది. పాలు నిండి అలాగే ఉండిపోతే తయారీ నెమ్మదిస్తుంది, ఖాళీ అయితే వేగం పుంజుకుంటుంది. బిడ్డ చీకుతుంటే పాలు తయారుచేసే ప్రొలాక్టిన్, పాలు చేపుకు తెచ్చే ఆక్సిటోసిన్ విడుదలవుతాయి. ప్రొలాక్టిన్ రాత్రిపూట మరీ ఎక్కువ. అందుకే తొలి నెలల్లో అర్ధరాత్రి పాలు మాన్పించడమంటే మర్నాటి పాలకు గండి కొట్టడమే. అత్తగారు చెప్పిన డబ్బా చేసే పని కూడా అదే. ఆ పాలు అరగడానికి ఎక్కువసేపు పడుతుంది కాబట్టి బిడ్డ ఎక్కువసేపు పడుకుంటాడు, రొమ్ముకు పిలుపు అందదు, పాలు తగ్గుతాయి. వారం తిరిగేసరికి 'చూశావా, చాలట్లేదని నేను ముందే చెప్పాను' అన్న మాట నిజమై కూర్చుంటుంది.

గడియారం చూసి పాలిచ్చే పద్ధతికి ఊపిరి పోసినవాళ్లలో న్యూజిలాండ్ డాక్టరు ట్రూబీ కింగ్ ఒకడు. మానసిక రోగుల ఆసుపత్రికి పెద్దగా ఉంటూ, అక్కడి పొలంలో లేగదూడల మేపును గమనించిన మనిషి. 1907లో తల్లీపిల్లల ఆరోగ్యం కోసం ప్లంకెట్ సొసైటీ స్థాపించాడు. తల్లిపాలే మేలని గట్టిగా వాదించాడు కూడా. కానీ నాలుగు గంటలకోసారే పట్టాలని, రాత్రి అసలు ఇవ్వకూడదని పట్టుబట్టాడు. ఆ క్రమశిక్షణ బ్రిటన్‌లోనూ చాలాకాలం రాజ్యమేలింది. ఇప్పుడు ప్రపంచ ఆరోగ్య సంస్థ, పగలైనా రాత్రయినా బిడ్డ కోరినప్పుడల్లా ఇవ్వమంటోంది. కింగ్ గడియారం మాత్రం మన బాలింతల ఫోన్లలో యాప్ అలారం రూపంలో మోగుతూనే ఉంది.

మరి పాలు చాలుతున్నాయని తెలిసేదెలా? తడిసిన గుడ్డలు లెక్కపెట్టండి. అయిదో రోజు దాటాక ఇరవై నాలుగు గంటల్లో ఆరు, అంతకన్నా ఎక్కువసార్లు లేతరంగు మూత్రం పోస్తే లోపలికి పాలు వెళుతున్నట్టే. పుట్టాక మొదటి రోజుల్లో బరువు కొంత తగ్గడం మామూలే. రెండు వారాలు తిరిగేసరికి పుట్టినప్పటి బరువుకు చేరుకోవాలి, ఆపైన రోజుకు 20 నుంచి 30 గ్రాములు పెరగాలి. ఇవి సరిగా ఉంటే పాలు చాలుతున్నాయి, ఎవరేమన్నా సరే.

'కోరినప్పుడల్లా' అన్న మాటకు ఒక మినహాయింపు ఉంది. నెల తక్కువ పిల్లలు, బరువు తక్కువ పిల్లలు, కామెర్లతో మగతగా ఉన్నవాళ్లు అడగకుండా పడుకుండిపోతారు. 'ఎంత బుద్ధిమంతుడో, ఏడవనే ఏడవడు' అని మురిసిపోయే సందర్భం కాదది. రెండు మూడు గంటలకోసారి లేపి పట్టించాలి. తడి గుడ్డలు తగ్గినా, ఎంత లేపినా లేవకపోయినా, రొమ్ము పట్టకపోయినా వెంటనే డాక్టరు దగ్గరికి వెళ్లాలి. అలాగే ఆరు నెలలు నిండేదాకా మే నెల ఎండల్లోనూ మంచినీళ్లు అక్కర్లేదు, తల్లిపాలలో నూటికి 87 పాళ్లు నీళ్లే. తేనె నాకించడం, పంచదార నీళ్లు పోయడం మానేయాలి.

ఇదంతా చాలామందికి తెలుసు. ఆశా కార్యకర్త చెబుతుంది, ఆసుపత్రి గోడ మీద రాసి ఉంటుంది. అయినా జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-21) ప్రకారం ఆరు నెలల్లోపు పిల్లల్లో తల్లిపాలు మాత్రమే తాగుతున్నది దేశంలో 63.7 శాతమే. తెలిసీ ఎందుకు జరగడం లేదంటే, నా ఉద్దేశంలో కొరత పాలకు కాదు, తీరికకు. పన్నెండుసార్లు, ఒక్కోసారీ అరగంట అనుకున్నా ఆరు గంటలు. అది ఒక పూర్తి ఉద్యోగం. ఆ ఉద్యోగానికి రాత్రి డ్యూటీ కూడా ఉంది. పైగా అదే సర్వే లెక్కన తెలంగాణలో 60.7 శాతం కాన్పులు, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లు. కుట్లతో పక్కకు తిరగలేని మనిషికి బిడ్డను అందించేవాళ్లు, రొమ్ము పట్టించేవాళ్లు పక్కన లేకపోతే పాలు పట్టాల్సిన తొలి గంట దాటిపోతుంది, డబ్బా అక్కడే మొదలవుతుంది.

2017లో ప్రసూతి ప్రయోజనాల చట్టాన్ని సవరించి మొదటి రెండు కాన్పులకు 26 వారాల సెలవు ఇచ్చారు. 50 మంది, అంతకన్నా ఎక్కువమంది పనిచేసే సంస్థల్లో శిశుసంరక్షణ కేంద్రం ఉండాలన్నారు, తల్లి రోజుకు నాలుగుసార్లు వెళ్లి బిడ్డను చూసుకోవచ్చన్నారు. మంచి చట్టమే. కానీ మిరపకాయలు కోసే ఆమెకు, ఇటుక బట్టీలో పనిచేసే ఆమెకు, నాలుగిళ్లలో అంట్లు తోమే ఆమెకు సెలవు ఎవరిస్తారు? పనిలోకి రాని రోజు కూలి పోయినట్టే. తల్లిపాల వారోత్సవం పేరుతో ఏటా ఆగస్టు మొదటి వారంలో వేదికలెక్కి తల్లులకు ఉపన్యాసాలిచ్చే నాయకులు, అధికారులు ఈ ప్రశ్నకు జవాబు చెప్పాలి. పాల విలువ తల్లులకు ఎవరూ నేర్పనక్కర్లేదు.

ప్రభుత్వం చేసేలోపు ఇంట్లో చేయగలిగింది చాలా ఉంది. బాలింతను చూడ్డానికి వెళ్లినప్పుడు 'పాలు చాలుతున్నాయా' అని అడగొద్దు. ఆ ఒక్క ప్రశ్న ఆమె ధైర్యాన్ని సగం తినేస్తుంది. ఆమె అన్నం తినేదాకా పిల్లాణ్ణి ఎత్తుకోండి. పథ్యం పేరుతో మంచినీళ్లు తగ్గించకండి. రాత్రి రెండింటికి గుడ్డ మార్చడం, త్రేన్పు తెప్పించడం తండ్రి చెయ్యలేని పనులేమీ కావు. ఆ అల్లుడుగారు మందుల షాపుకు వెళ్లొచ్చిన తీరికను వంటింటికి మళ్లిస్తే చాలు, డబ్బా ఖర్చు కూడా మిగులుతుంది.