తిత్తి కనబడింది, తల తిరిగేది అందుకేనా?

హైదరాబాద్‌లోని కాప్రాలో నెలల తరబడి తల తిరుగుడు, తలనొప్పి వదలని మనిషికి మామూలుగా జరిగేది రెండింట్లో ఒకటి. గ్యాసనో, బీపీ అనో, మెడ ఎముకలు అరిగాయనో మాత్రలు మింగుతూ గడిపేయడం. లేదా విసుగొచ్చి ఒకరోజు ఈసీఐఎల్ వైపు వెళ్లి ఎమ్మారై తీయించుకోవడం. మొదటిది నిర్లక్ష్యం, రెండోది జాగ్రత్త అనుకుంటాం. రెండింట్లోనూ రోగి మాట ఎవరూ పూర్తిగా వినలేదన్నది నా అభ్యంతరం.

స్కానింగ్‌ను తీసిపారేయడానికి లేదు. 1971 అక్టోబరు 1న లండన్‌లో సీటీ యంత్రం మొట్టమొదట ఒక రోగి తలలోకి చూసినప్పుడు బయటపడింది మెదడులోని తిత్తే (సిస్ట్). అంతకుముందు నడుములోంచి గాలి ఎక్కించి ఎక్స్‌రే తీసేవారు. ఆ యాతన తలుచుకుంటే ఈ యంత్రానికి దణ్ణం పెట్టాలి. కానీ అది తిత్తి ఉందని చూపిస్తుందే తప్ప, తల తిరిగేది దానివల్లేనని చెప్పదు. అమెరికాలో 48,417 మంది పెద్దల ఎమ్మారైలు తిరగేస్తే 1.4 శాతం మందిలో అరాక్నాయిడ్ తిత్తులు కనిపించాయి. వాళ్లలో అత్యధికులకు వాటివల్ల బాధేమీ లేదు. ఎక్కువగా పుట్టుకతో వచ్చి ఊరికే కూర్చునే నీటితిత్తులవి. మరోవైపు, పక్క మీద ఒత్తిగిలినప్పుడల్లా గిర్రున తిరుగుతోందంటే లోపలి చెవిలో చోటు తప్పిన స్ఫటికాలు కారణం కావచ్చు. మంచం మీద పడుకోబెట్టి తల ఒక పక్కకు తిప్పి చూస్తే నిమిషాల్లో తేలుతుంది. చాలామందికి అలా తల తిప్పే పద్ధతిలోనే నయమవుతుంది కూడా. ఆ పరీక్ష చెయ్యకుండా స్కాన్‌కు పంపితే, రిపోర్టులో తిత్తి అన్న మాట చూసి ఇల్లంతా బెంగపెట్టుకుంటుంది. చెవి సంగతి అలాగే ఉండిపోతుంది.

అందరికీ తీయించేస్తే అరుదైనదీ తప్పిపోదు కదా అంటారు. ఆ వాదనలో బలముంది. మెదడులో నీరు పారే ఇరుకు దారి దగ్గర పెరిగే కొల్లాయిడ్ తిత్తి చిన్నదే అయినా, దారి మూసుకుపోతే ప్రాణం మీదికి తెస్తుంది. కంటి వెనక నరం వాచిందా అని చూసే పరీక్ష బాగుందన్నంత మాత్రాన ఆ తిత్తి లేదని చెప్పలేం. అయితే దాన్ని అనుమానించే ఆధారాలు చాలావరకు రోగి నోటనే ఉంటాయి: వంగినా పడుకున్నా నొప్పి తీరు మారడం, తెల్లవారుజామున వాంతులు, ఉన్నట్టుండి కాళ్లలో సత్తువ పోయి కూలబడటం, నడక తడబాటు, కొత్తగా మతిమరుపు. ఇవి వినబడితే ఎమ్మారైకి ఒక్కరోజు కూడా ఆగకూడదు. ఇవేవీ చెప్పనివారిని కూడా వదిలేయకుండా మళ్లీ పిలిచి చూడాలి.

ఓపీ ముందు అంత పొడుగు లైనుంటే ఇన్ని ప్రశ్నలు ఎవరడుగుతారు? డాక్టరే అడగాలని లేదు. బస్తీ దవాఖానాలో నర్సు ఎప్పుడు మొదలైంది, ఎలా ఉంటే పెరుగుతుంది, పడిపోయారా అని అడిగి కాగితం మీద రాసివ్వచ్చు. ఆ కాగితం స్కాన్ చదివే రేడియాలజిస్టు దాకా చేరాలి. చీటీ మీద ‘తలనొప్పి’ అన్న ఒక్క మాటే ఉంటే, కనబడిన తిత్తికీ ఆ మనిషి బాధకూ పొత్తు కుదిరిందో లేదో ఆయన మాత్రం ఎలా చెప్పగలడు?